చిప్ హద్దు ఎక్కడ? చెవి హద్దు ఎక్కడ?

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సాయంకాలం పూట నడిచి చూడండి. బీసెంటు రోడ్డులోని బట్టల దుకాణాల సందడి దాటి పక్క వీధుల్లోకి మళ్లితే సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు, వాటి విడిభాగాలు అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి కావలసినవి చిన్న చిన్న పనులే. పాడైన చార్జరు మార్చుకోవాలి, పగిలిన అద్దం వేయించుకోవాలి. కాని అప్పుడప్పుడు మరో రకం మనుషులు కూడా వస్తుంటారు. "నా కంప్యూటర్ బాగానే పనిచేస్తున్నది. తయారుచేసినవారు చెప్పిన వేగాన్ని మించి నడపాలంటే ఏం కొనాలి?" అని ఒకరు అడుగుతారు. "పాట వినిపిస్తే చాలదు, పాట వెనుక తంబుర తీగ మోగడం కూడా విడిగా వినిపించాలి. అలాంటి హెడ్‌ఫోన్లు ఉన్నాయా?" అని ఇంకొకరు అడుగుతారు.

వీళ్లను ఔత్సాహికులు అంటారు. మొదటి వారి సరదాకు 'ఓవర్‌క్లాకింగ్' అని పేరు. రెండవవారిది మేలురకం హెడ్‌ఫోన్ల సరదా. మీ అన్నయ్యలలోనో, మేనమామలలోనో ఇలాంటివారు ఒకరైనా ఉండే ఉంటారు. పైకి చూస్తే ఈ రెండు సరదాలకూ సంబంధమే లేదు. కాని లోతుగా చూస్తే ఇద్దరూ వెతుకుతున్నది ఒకటే: హద్దు. ఒకరు చిప్ హద్దును వెతుకుతున్నారు, మరొకరు చెవి హద్దును వెతుకుతున్నారు. ఈ హద్దులు ఎక్కడున్నాయో తెలుసుకోవటానికి కావలసిన శాస్త్రం మీ పాఠ్యపుస్తకాలలోని ఉష్ణం, విద్యుత్తు, ధ్వని పాఠాలలోనే ఉంది. రండి, చూద్దాం.

చిప్ లోపలి తాళం

సంగీత కచేరీలో పాటకు తాళం ఎంత ముఖ్యమో కంప్యూటర్ చిప్‌కు గడియారపు స్పందన అంత ముఖ్యం. క్వార్ట్‌జ్ స్ఫటికం ఒకటి విద్యుత్తు వల్ల క్రమం తప్పకుండా కంపిస్తూ ఉంటుంది. ఆ కంపనాల ఆధారంగా చిప్‌కు 'టిక్, టిక్' మంటూ తాళం అందుతుంది. ఒక్కొక్క టిక్‌కు చిప్‌లోని ట్రాన్సిస్టర్లు ఒక్కొక్క అడుగు పని పూర్తి చేస్తాయి.

1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 అనే చిప్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. దాని తాళం సెకనుకు 7,40,000 టిక్కులు. ఈనాటి ప్రాసెసర్లలో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. వాటి వేగాన్ని గిగాహెర్ట్జ్‌లలో చెబుతారు. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల టిక్కులు. నాలుగు గిగాహెర్ట్జ్‌ల చిప్‌లో ఒక టిక్‌కూ మరో టిక్‌కూ మధ్య కాలంలో కాంతి కూడా ఏడున్నర సెంటీమీటర్లే పోగలదు. ఆ దూరం మీ అరచేతి వెడల్పంత! సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతికే ఆ కాస్త సమయంలో అరచేయి దాటడం గగనమన్నమాట.

ఈ తాళాన్ని నిర్ణయించిన దానికన్నా వేగంగా వేయించడమే ఓవర్‌క్లాకింగ్. గాయకుడు మొదటి కాలంలో పాడుతున్న కీర్తనను రెండవ కాలంలో ఎత్తుకున్నాడనుకోండి. పక్కవాద్యాలవారు అందుకోగలిగితే కచేరీ రక్తి కడుతుంది. ఒక్కరు వెనుకబడినా రసాభాస అవుతుంది. చిప్‌లో కూడా అంతే. కోట్ల ట్రాన్సిస్టర్లలో కొన్ని వెనుకబడినా లెక్క తప్పుతుంది. కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది.

కొళాయి, బిందె, గంట

ట్రాన్సిస్టర్ ఎందుకు వెనుకబడుతుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం. కొళాయి కింద బిందె పెట్టారు. బిందె లోపల ఒక గీత ఉంది. గంట మోగేసరికి నీళ్లు ఆ గీత దాటితే 'ఒకటి' అని రాసుకోవాలి, దాటకపోతే 'సున్న' అని రాసుకోవాలి. ఇదే నియమం. ఇప్పుడు గంటను తొందర తొందరగా మోగిస్తే ఏమవుతుంది? నీళ్లు గీతను చేరకముందే గంట మోగుతుంది. ఒకటి రాయవలసిన చోట సున్న పడుతుంది.

మరి గంటను తొందరగా మోగిస్తూ కూడా బిందె గీత వరకు నిండాలంటే ఏం చేయాలి? నీళ్ల ట్యాంకును ఇంకా ఎత్తున కట్టాలి. ఎత్తు పెరిగితే పీడనం పెరిగి ధార ఉద్ధృతమవుతుంది. విద్యుత్తులో ఈ ఎత్తుకు సమానమైనది వోల్టేజి. అందుకే ఓవర్‌క్లాకింగ్ చేసేవారు వేగంతో పాటు వోల్టేజిని కూడా కొద్దికొద్దిగా పెంచుతారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

వేడి లెక్క

చిప్ తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. ఆ వేడి రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి తాళం వేగం. రెండవది వోల్టేజి వర్గం, అంటే వోల్టేజిని వోల్టేజితోనే గుణించగా వచ్చే సంఖ్య. ఇప్పుడు లెక్క వేయండి. 100 వాట్లు తీసుకునే చిప్ ఉంది. దాని వేగాన్ని 20 శాతం పెంచారు. అది అందుకోవటానికి వోల్టేజిని కూడా 20 శాతం పెంచారు. అప్పుడు వేడి ఎంత?

100 × 1.2 × 1.2 × 1.2 = 172.8 వాట్లు.

చూశారా! వేగం పెరిగింది 20 శాతమే. వేడి మాత్రం దాదాపు 73 శాతం పెరిగింది. మిగిలిన దుబారా సంగతి ఎలా ఉన్నా ఇంత వేడి ఎంత చిన్న చోట పుడుతున్నదో గమనించండి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు వచ్చే వేడి 5 వాట్లు. వంద వాట్ల చిప్ వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లు అయితే, అక్కడ చదరపు సెంటీమీటరుకు 50 వాట్లు! ఇస్త్రీ పెట్టెకు పది రెట్లు. ఈ వేడిని ఎప్పటికప్పుడు లాగేయకపోతే చిప్ నిలవలేదు. అందుకే దాని మీద రాగితోనో, అల్యూమినియంతోనో చేసిన రెక్కల దిమ్మ, ఆ పైన ఫ్యాను అమర్చుతారు.

మే నెలలో మన లెక్క

ఫ్యాను ఎంత పెద్దదైనా ఒక హద్దు ఉంది. ఫ్యాను చేసేది గది గాలిని చిప్ దిమ్మ మీదికి తోయడమే. గది గాలి కంటే చల్లగా చిప్‌ను చేయడం దానివల్ల కాదు. చిప్ ఉష్ణోగ్రత ఎప్పుడూ గది ఉష్ణోగ్రతకు పైనే ఉంటుంది. ఎంత పైన ఉంటుందన్నది పుట్టే వేడిని బట్టి, దిమ్మ పనితనాన్ని బట్టి ఉంటుంది. ఒక్కొక్క వాట్‌కు 0.4 డిగ్రీల చొప్పున పెరిగే దిమ్మను ఉదాహరణకు తీసుకుందాం.

మామూలు వేగంలో, 100 వాట్ల వద్ద: గది కంటే 40 డిగ్రీలు ఎక్కువ.
పెంచిన వేగంలో, 173 వాట్ల వద్ద: గది కంటే 69 డిగ్రీలు ఎక్కువ.

చల్లని దేశంలో ఒకాయన గది 24 డిగ్రీల సెల్సియస్ ఉందనుకోండి. వేగం పెంచాక ఆయన చిప్ 93 డిగ్రీలు చేరుతుంది. చాలా చిప్‌లకు 100 డిగ్రీల దరిదాపులు హద్దు. ఆయన ఇంకా హద్దు లోపలే ఉన్నాడు. తన అమరికను వీడియో తీసి అందరికీ చూపిస్తాడు. దాన్ని చూసి మన గవర్నర్‌పేట కుర్రవాడు అవే భాగాలు కొని, అవే అంకెలు అమర్చుకున్నాడు. విజయవాడను వేడిమి వల్ల సరదాగా 'బ్లేజ్‌వాడ' అంటారని మీకు తెలుసు గదా! వేసవిలో కొన్ని రోజులు ఇక్కడ బయట ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. గదిలో 38 ఉందనే అనుకుందాం. 38కి 69 కలిపితే 107! హద్దు దాటిపోయింది.

అదే చిప్, అదే ఫ్యాను, అవే అంకెలు. గది ఒక్కటే మారింది. శాస్త్రంలో "అక్కడ పనిచేసింది గనుక ఇక్కడా పనిచేస్తుంది" అనుకోకూడదు. పరిస్థితులు సమానమా కాదా అని ముందు చూడాలి.

ఇక్కడ మరో ప్రశ్న పుడుతుంది. చిప్ అంత వేగం అందుకోగలిగినప్పుడు తయారుచేసినవారు తక్కువ వేగం ఎందుకు నిర్ణయించారు? వారేమీ అమాయకులు కారు. ఒకే పలక నుంచి కోసిన చిప్‌లు కూడా అన్నీ ఒక్కలా ఉండవు. కొన్ని చురుకైనవి, కొన్ని మందకొడివి. పైగా ఆ చిప్ నార్వే చలిలోనూ పనిచేయాలి, విజయవాడ మే నెలలోనూ పనిచేయాలి. ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టినా, కరెంటు కాస్త అటూ ఇటూ అయినా తప్పు లెక్క చేయకూడదు. అందుకని కొంత మిగులు ఉంచి వేగం నిర్ణయిస్తారు. చల్లని దేశపు ఔత్సాహికునికి ఉచితంగా దొరికినట్టు కనిపించే ఆ మిగులు నిజానికి మనవంటి ఎండల ఊళ్ల కోసం దాచి ఉంచినదే!

ఒకప్పుడు ఈ మిగులు చాలా ఎక్కువగా ఉండేది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అనే చవక చిప్ ఔత్సాహికులలో ఎంతో పేరు పొందింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. బయటి తాళం 66 మెగాహెర్ట్జ్ ఉంటే, చిప్ దాన్ని నాలుగున్నర రెట్లు చేసుకునేది. బయటి తాళాన్ని 100కు మారిస్తే చిప్ వేగం 450కి పోయేది. చాలా చిప్‌లు ఈ మార్పును తట్టుకున్నాయి. తక్కువ ధరకు కొన్నది ఖరీదైన వాటితో పోటీపడింది! ఈనాటి ప్రాసెసర్లు మాత్రం తమ వేడిని తామే కొలుచుకుంటూ, వీలున్నప్పుడు వేగాన్ని తామే పెంచుకుంటాయి. అందువల్ల ఔత్సాహికులకు మిగిలేది ఇప్పుడు కొద్దిపాటే.

వేడి హద్దుకు చేరినప్పుడు అవి వేగాన్ని తామే తగ్గించుకుంటాయి కూడా. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం వేగం అదుపు తప్పకుండా గుండ్రంగా తిరిగే ఇనుప గుండ్ల పరికరాన్ని అమర్చాడు. దాన్ని 'గవర్నర్' అంటారు. మన గవర్నర్‌పేటకు ఆ పేరు దానివల్ల రాలేదు లెండి! కాని ఈనాటి కొన్ని కంప్యూటర్లలో చిప్ వేగాన్ని నిర్ణయించే ప్రోగ్రాముకు కూడా గవర్నర్ అనే పేరుంది. ఎండలో పెట్టిన సెల్‌ఫోన్ మందగించడం మీరు చూసే ఉంటారు. అది చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

గాలి చాలకపోతే నీరు

గాలి కంటే నీరు వేడిని ఎక్కువగా మోసుకుపోగలదు. ఇబ్రహీంపట్నం దగ్గర ఉన్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979లో పని ప్రారంభించింది. అది కృష్ణా నది ఒడ్డునే ఎందుకుందో తెలుసా? అంత పెద్ద కేంద్రంలో ఆవిరిని తిరిగి నీరుగా చల్లార్చటానికి ఎంతో నీరు కావాలి. కొందరు ఔత్సాహికులు ఇదే సూత్రంతో చిప్ మీదుగా సన్నని గొట్టాలలో నీటిని తిప్పుతారు. ఆ నీరు కూడా చివరకు గది గాలికే వేడిని ఇవ్వాలి గనుక, గది ఉష్ణోగ్రత అనే హద్దు అలాగే ఉంటుంది.

దాన్ని కూడా దాటాలనుకునేవారు ద్రవ నైట్రోజన్‌ను వాడతారు. దాని ఉష్ణోగ్రత సున్నాకు 196 డిగ్రీలు దిగువన ఉంటుంది. 2023లో ఒక చిప్‌ను ద్రవ హీలియంతో, అంటే సున్నాకు సుమారు 269 డిగ్రీలు దిగువన చల్లార్చి, 9 గిగాహెర్ట్జ్‌ల పై వేగాన్ని సాధించారు. ఆ వేగం కొద్దిసేపే నిలుస్తుంది. అది ఇంట్లో వాడుకునే పద్ధతి కాదు, పరుగు పందెం వంటిది. ద్రవ నైట్రోజన్ చర్మానికి తగిలితే తీవ్రంగా గాయమవుతుంది. మూసిన గదిలో అది ఆవిరైతే ప్రాణవాయువు తగ్గి ప్రమాదం కలుగుతుంది. కనుక అది మీరు చేయవలసిన పని కాదు.

మీరు చేయదగిన ప్రయోగం ఇది. ఒకే రకం మూత ఉన్న స్టీలు డబ్బాలు రెండు తీసుకోండి. రెంటిలోనూ సమానంగా వేడినీళ్లు పోసి మూత పెట్టండి. పెద్దవారి సహాయం తీసుకోండి. ఒకదాన్ని ఫ్యాను ఎదుట, మరొకదాన్ని గాలి తగలని మూల ఉంచండి. ప్రతి పది నిమిషాలకూ ఉష్ణమాపకంతో కొలిచి పట్టిక రాయండి. ఫ్యాను ముందున్నది తొందరగా చల్లారుతుంది. కాని ఎంతసేపు ఉంచినా గది ఉష్ణోగ్రత కంటే దిగదు. ఆ తరువాత డబ్బాకు తడిగుడ్డ చుట్టి చూడండి. ఇప్పుడు ఉష్ణోగ్రత ఇంకొంచెం దిగుతుంది. ఎందుచేత? మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో గుర్తుచేసుకుంటే జవాబు దొరుకుతుంది.

ఇక చెవి దగ్గరికి

చిప్ హద్దు వేడి అని తెలుసుకున్నాం. మరి చెవి హద్దు ఏమిటి?

హెడ్‌ఫోన్ లోపల పెద్ద రహస్యమేమీ లేదు. పలుచని పొర ఒకటి, దానికి అంటించిన సన్నని తీగచుట్ట, పక్కనే ఒక అయస్కాంతం. పాట విద్యుత్ ప్రవాహంగా మారి తీగచుట్టలోకి వస్తుంది. ప్రవాహం మారినకొద్దీ అయస్కాంతం దాన్ని లాగుతూ, తోస్తూ ఉంటుంది. పొర కంపిస్తుంది. ఆ కంపనాలు గాలిలో ధ్వని తరంగాలై కర్ణభేరిని చేరుతాయి. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియేల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళం కొన్నది. ఇంట్లో సంగీతం వినటానికి స్టీరియో హెడ్‌ఫోన్లను 1958లో జాన్ కాస్ తీసుకువచ్చాడు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో స్టూడియోలో మైకు ముందున్నవారు హెడ్‌ఫోన్లు ఎందుకు పెట్టుకుంటారో ఆలోచించారా? అక్కడ లౌడ్‌స్పీకరు ఉంటే దాని ధ్వని తిరిగి మైకులోకి పోయి, మళ్లీ స్పీకరులోంచి పెద్దదై వచ్చి, సభల్లో అప్పుడప్పుడు వినిపించే 'కూ' మనే గోల పుడుతుంది. హెడ్‌ఫోన్ ధ్వని చెవికి మాత్రమే అందుతుంది గనుక ఆ బాధ లేదు.

మేలురకం హెడ్‌ఫోన్లలో పొరను మరింత పలుచగా, తేలికగా చేస్తారు. కొన్నింటిలో తీగచుట్టను పొర మీదే అచ్చువేసి, రెండు వైపులా అయస్కాంతాలు పెడతారు. మరికొన్నింటిలో అయస్కాంతమే ఉండదు. మిలీమీటరులో కొన్ని వందల వంతుల కంటే కూడా పలుచనైన పొర రెండు పలకల మధ్య స్థిర విద్యుత్తు వల్ల కంపిస్తుంది. 2015లో సెన్‌హైజర్ సంస్థ ప్రకటించిన అలాంటి ఒక హెడ్‌ఫోన్ ధర సుమారు 50,000 యూరోలు!

మనిషి చెవికి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు వినిపిస్తాయి. పై హద్దు వయస్సుతో దిగుతుంది. 15,000 హెర్ట్జ్‌ల కీచుధ్వనిని మీరు సులభంగా వినగలరు. యాభై దాటిన నావంటి ఉపాధ్యాయునికి అది చాలావరకు నిశ్శబ్దమే! 1982లో వచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి నిలువచేశారు. అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే దాన్ని తిరిగి పూర్తిగా రాబట్టవచ్చు. 20,000కు రెట్టింపు 40,000. కాబట్టి చెవి హద్దుకు సరిపోయింది.

ధర పెరిగితే ధ్వని పెరుగుతుందా?

వంద రూపాయల ఇయర్‌ఫోన్‌కూ రెండు వేల రూపాయలదానికీ తేడా చాలామందికి తెలుస్తుంది. ఇరవై వేలకూ రెండు లక్షలకూ తేడా తెలుస్తుందా? 2017లో ఒక పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను పరిశీలించాడు. ఏ పౌనఃపున్యం వద్ద ఎంత ధ్వని ఇస్తున్నాయన్న కొలతలకూ, వాటి ధరకూ సంబంధం ఏమీ కనిపించలేదు. ధరలో కొంత భాగం గట్టిదనానికి పోతుంది, కొంత మెత్తని దిండ్లకు పోతుంది, కొంత పేరుకు పోతుంది.

మన మనస్సు మనల్ని ఎంత సులభంగా మోసం చేస్తుందో తెలుసా? రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా ఉంటే అదే బాగున్నట్టు తోస్తుంది. ఖరీదైనదని ముందే తెలిస్తే అది ఇంకా బాగున్నట్టు తోస్తుంది. దీనికి విరుగుడు కళ్లకు గంతలు కట్టుకుని పరీక్షించడం.

హెడ్‌ఫోన్లు రెండయితే తలమీద బరువును బట్టి ఏది ఏదో తెలిసిపోతుంది. కాబట్టి ఇలా చేయండి. ఒకే పాటను మామూలు నాణ్యతలో ఒకటి, మేలు నాణ్యతలో ఒకటి తీసుకోండి. తంబుర శ్రుతి వినిపించే కచేరీ పాట అయితే మరీ మంచిది. రెండూ సమానమైన బిగ్గరతనంతో ఉండాలి. మీ స్నేహితుడు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండవది మీకు వినిపించి, కాగితం మీద రాసుకోవాలి. ఏది వినిపించాడో మీరు చెప్పాలి. ఇలా పదిసార్లు చేయండి.

మీకు తేడా ఏమీ తెలియకుండా ఊరికే ఊహించి చెప్పినా సగం ఒప్పు కావచ్చు. పదికి పదీ ఊహతో ఒప్పు కావటానికి అవకాశం 1,024లో ఒకటి మాత్రమే. తొమ్మిది గాని, పది గాని ఒప్పు కావటానికి 1,024లో 11, అంటే సుమారు ఒక శాతం. కాబట్టి తొమ్మిది వస్తే మీ చెవికి నిజంగానే తేడా తెలుస్తున్నదని నమ్మవచ్చు. అయిదో, ఆరో వస్తే ఆ తేడా కోసం నాన్నగారి జేబుకు చిల్లు పెట్టనవసరం లేదు. ఇంత మంచి పరీక్షకు కావలసిన పరికరం ఒక రూపాయి బిళ్ల!

పోతే రానిది

ఇప్పటిదాకా సరదా సంగతులు చెప్పుకున్నాం. ఇక జాగ్రత్తగా వినవలసిన సంగతి ఒకటుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కర్ణావర్తం అనే భాగం ఉంది. అందులో సుమారు 15,000 రోమ కణాలు ఉంటాయి. ధ్వని వచ్చినప్పుడు వాటి మీది సన్నని రోమాలు వంగి లేస్తాయి. ఆ కదలికే విద్యుత్ సంకేతమై శ్రవణ నాడి గుండా మెదడుకు పోతుంది. మన డెల్టాలో వరిచేలను చూడండి. చిరుగాలికి వంగిన పైరు మళ్లీ నిటారుగా లేస్తుంది. పెద్ద గాలివానకు నేలమీద పడిపోయిన పైరు లేవదు. రోమ కణాలూ అంతే. పక్షులలో చనిపోయిన రోమ కణాల స్థానంలో కొత్తవి పుడతాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మనిషిలో అలా పుట్టవు. పోయినవి పోయినట్టే.

పైరు ఒక్కసారే పడిపోతే కంటికి తెలుస్తుంది. చెవిలో నష్టం కొద్దికొద్దిగా, నొప్పి లేకుండా జరుగుతుంది. అదే ఇందులోని ప్రమాదం.

ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. ఇక్కడ మామూలు కూడికల లెక్క పనిచేయదు. 3 డెసిబెల్లు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే పది రెట్లవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం 80 డెసిబెల్ల ధ్వనిని పెద్దవారు వారానికి 40 గంటల వరకు వినవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్లకూ సమయం సగం చేయాలి.

80 డెసిబెల్లు: 40 గంటలు
83 డెసిబెల్లు: 20 గంటలు
86 డెసిబెల్లు: 10 గంటలు
89 డెసిబెల్లు: 5 గంటలు
92 డెసిబెల్లు: రెండున్నర గంటలు

పిల్లలకు ఇంకా జాగ్రత్త అవసరం. వారికి 40 గంటలకు 75 డెసిబెల్లే హద్దు.

బస్సులో పోతూ పాట వింటున్నారనుకోండి. బస్సు రొద ఎక్కువ గనుక పాట వినిపించదు. వెంటనే చేయి ధ్వని పెంచే మీట మీదికి పోతుంది. బస్సు దిగాక ఆ ధ్వని అలాగే ఉండిపోతుంది. చెవిని హద్దు దాటించేది ఎక్కువగా ఈ అలవాటే. చెవిని చక్కగా కప్పి బయటి రొదను ఆపే హెడ్‌ఫోన్ అయితే తక్కువ ధ్వనితోనే పాట వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ మీద కాస్త ఎక్కువ డబ్బు పెట్టటానికి ఇది న్యాయమైన కారణం. కాని రోడ్డు మీద నడిచేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు దాన్ని తీసి సంచిలో పెట్టుకోవాలి. బయటి రొద ఆగితే లారీ హారను, రైలు కూత కూడా ఆగిపోతాయి గదా!

మూడు గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి. ధ్వనిని సగం కంటే పెంచవద్దు. చేతి దూరంలో ఉన్నవారు మామూలుగా మాట్లాడితే మీకు వినిపించాలి. పాట ఆపిన తరువాత చెవిలో 'గుయ్' మని మోగుతున్నదా, అది చెవి చేస్తున్న ఫిర్యాదు. అలా తరచుగా అయితే పెద్దవారికి చెప్పి వైద్యునికి చూపించాలి.

చిప్‌కూ చెవికీ ఉన్న పెద్ద తేడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చిప్ హద్దు దాటితే తనంత తాను వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ పాడైతే గవర్నర్‌పేటలో మరొకటి దొరుకుతుంది. చెవిలో అలాంటి గవర్నర్ లేదు. ఆ పని మీ వేలే చేయాలి. ఈ సరదాలను వదులుకోమని నేను చెప్పడం లేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడడం, కొలవడం, కొలిచినది పుస్తకంలో రాయడం, కళ్లు మూసి పరీక్షించడం మంచి ఔత్సాహికునికి ఉండవలసిన అలవాట్లు. శాస్త్రజ్ఞునికి ఉండవలసినవీ అవే.

మీరే చేసి చూడండి

1. 100 వాట్ల చిప్ వేగాన్నీ, వోల్టేజినీ 10 శాతం చొప్పున పెంచితే ఎన్ని వాట్లు తీసుకుంటుంది? పై ఉదాహరణలోని దిమ్మనే వాడితే, గది 38 డిగ్రీలున్నప్పుడు చిప్ ఉష్ణోగ్రత ఎంత? అది హద్దు లోపలే ఉందా?

2. వారానికి 80 డెసిబెల్లు 40 గంటలు అయితే, 95 డెసిబెల్లు ఎంతసేపు వినవచ్చు?

3. నాణెం పరీక్షను మీ తరగతిలో ఇరవైమంది చేసి, ఎవరికి పదికి ఎన్ని ఒప్పులు వచ్చాయో పట్టిక తయారుచేయండి. ఒక్కరికి మాత్రమే తొమ్మిది వస్తే అతనికి నిజంగా తేడా తెలిసినట్టేనా? లేక ఇరవైమందిలో ఎవరో ఒకరికి అదృష్టం కలిసివచ్చిందా? దాన్ని తేల్చటానికి అతనిచేత ఇంకేం చేయించాలి? ఆలోచించండి.